నెగటివమ్మ చెప్పిన కబురు

ఆ ల్యాబులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె నెగటివమ్మే. కొత్తవాళ్ళు వింటే ఇదేం తిట్టు అనుకునేవారు గానీ, అది తిట్టు కాదు, ముద్దుపేరు. రక్తమో కఫమో ఇచ్చేసి, ఏ రోగం బయటపడుతుందోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని బల్లల మీద కూర్చున్నవాళ్ళకు కిటికీలోంచి రిపోర్టు అందించే పని ఆమెది. పెద్ద చదువు లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అయినా కాగితంలో ఏ మాట ఉంటే మనిషి గట్టెక్కినట్టో ఆమెకు బాగా తెలుసు.

ఆ మాట కనబడిందంటే ఇక కాగితం చేతికిచ్చేదాకా ఆగేది కాదు. "నెగటివ్ నాయనా! లే, ఇంటికెళ్ళు. మళ్ళీ డాక్టరు దగ్గరికి కూడా పోనక్కర్లేదు" అని కిటికీలోంచే అరిచేది. అవతలివాళ్ళు "నీ నోట్లో పంచదార పొయ్య" అని కళ్ళు తుడుచుకునేవారు. రెండో మాట కనబడితే మాత్రం గొంతు తగ్గించి "డాక్టరుగారికి చూపించు బాబూ" అని ఊరుకునేది. అందుకని బల్లల మీదివాళ్ళు కాగితం వైపు కాకుండా ఆమె నోటి వైపు చూసేవారు. మంచి కబురు చెప్పేవాళ్ళకు కాస్త గర్వం ఉంటుంది. ఈమెకూ ఉండేది, లేదంటే అబద్ధమే. రోగాన్ని తానే వెళ్ళగొట్టినట్టు ఆ పూటంతా ఛాతీ విరుచుకుని తిరిగేది.

ఇంట్లో ముగ్గురు. భర్త ఏనాడో పోయాడు. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. కోడలు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. అత్తాకోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక జట్టు, కొడుకే పరాయివాడు. అద్దాల పొడి పడి కోడలి కళ్ళు ఎర్రబడితే అత్త తడిగుడ్డ పట్టుకుని కూర్చునేది. అత్త మోకాళ్ళు పట్టేస్తే కోడలు మెట్లమీద వెనకనుంచి తోస్తూ మూడో అంతస్తుకు ఎక్కించేది. "లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు చూడు" అని ఇద్దరూ కలిసి వాణ్ణి ఆడిపోసుకునేవాళ్ళు.

నిరుడు కోడలికి మూడో నెలలో కడుపు పోయింది. దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్‌హోంలో శుభ్రం చేసి, రక్తం తీసి, పరీక్ష చేయించి రిపోర్టుతో మర్నాడు రమ్మన్నారు. వాళ్ళకు సొంత ల్యాబు లేదు. "మా ల్యాబులోనే చేయిస్తాను, అక్కడైతే నాకు నమ్మకం" అంటూ నెగటివమ్మ ఆ గొట్టాన్ని పసిపిల్లలా రొమ్ముకు హత్తుకుని తీసుకెళ్ళింది. లోపలి గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునే టెక్నీషియన్‌ని అందరూ భూతద్దం అనేవారు. పని చేతిలో ఉంటే తల ఎత్తడు.

ఆమె కిటికీ దగ్గర్నుంచే కేకేసింది. "భూతద్దం బాబూ, మా అమ్మాయిది చూశావా? నెగటివేనా?"

లోపల యంత్రం గిర్రున తిరుగుతోంది. ఆ చప్పుడులోంచి అతని గొంతు వచ్చింది. "ఓ నెగటివే!"

అసలు ముడి ఇక్కడే పడింది. అతను చెప్పింది రక్తం గ్రూపు. ఆమె అడిగింది రోజూ అందరి గురించీ అడిగే ప్రశ్న, రోగం ఉందా లేదా అని. మన నోట్లో "ఓ" అంటే "అలాగే" అనీ, "అవును" అనీ, "దానికేం" అనీ అర్థం. ఓ, నెగటివే! ఏమీ లేదు! ఇంత శుభవార్త ఇంత దిలాసాగా చెప్పాడని ఆమె సంబరపడిపోయింది.

"కాగితం సాయంత్రం ఇస్తా పెద్దమ్మా."

"కాగితమెందుకు బాబూ, నీ మాట చాలు" అని ఆమె నర్సింగ్‌హోంకి ఫోన్ చేసింది. "అన్నీ నెగటివేనమ్మా, ఏమీ లేదు" అంది. అవతల నర్సు చేతినిండా పనిలో ఉందేమో, రోగాల పరీక్షల గురించే అనుకుని "అయితే సరే, మందులు వాడండి" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే కోడలు మంచం మీద లేచి కూర్చుని చెప్పుల కోసం వెతుక్కుంది. మొహం సున్నం కొట్టినట్టుంది. "అత్తయ్యా, రిపోర్టు చూపించడానికి రమ్మన్నారు కదా" అంది.

"నెగటివైతే మళ్ళీ ఎందుకు తల్లీ? నేను ఫోన్ చేశాలే. పడుకో" అని అత్త ఆమె కాళ్ళు పైకెత్తి దుప్పటి కప్పింది. ప్రేమతోనే కప్పింది.

ఈ సంవత్సరం కోడలు మళ్ళీ నెల తప్పింది. ఈసారి కొడుకు పట్టుబట్టి పెద్దాసుపత్రిలో చూపించాడు. మొదటి పరీక్షలకే అక్కడి డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, అత్తాకోడళ్ళిద్దరినీ కూర్చోమంది. ఆవిడ మంచి మనిషి, చెప్పే విషయం మంచిది కాకపోయినా.

"అమ్మాయి రక్తం ఓ నెగటివ్. బిడ్డది తండ్రిలా పాజిటివ్ అయ్యుంటుంది. అంతమాత్రాన భయమేం లేదు. ఆ మాటకొస్తే ఏ బిడ్డయినా సగం తండ్రే కదా, తల్లి ఒంటికి సగం పరాయిదే. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి, పరాయిది కనబడితే మీద పడతాయి. అవే కడుపులో బిడ్డ విషయంలో చూసీచూడనట్టు ఊరుకుంటాయి. వాటిల్లో కొన్నయితే బిడ్డ గర్భంలో వేరూనుకోడానికి సాయం కూడా చేస్తాయి."

"మరి ఇప్పుడేమైందండీ?" అంది కోడలు.

"కిందటిసారి కడుపు పోయినప్పుడు ఆ బిడ్డ రక్తం చుక్కో రెండు చుక్కలో మీ రక్తంలో కలిసింది. పాజిటివ్ రక్తాన్ని మీ ఒళ్ళు అప్పుడే మొదటిసారి చూసింది. శత్రువని గుర్తుపెట్టుకుంది. ఒకసారి గుర్తుపెట్టుకుంటే అది ఇక జన్మలో మరిచిపోదు. ఇప్పుడు దాన్ని ఎదుర్కొనే పదార్థం మీ రక్తంలో తయారవుతోంది. అది మాయ దాటి వెళ్ళి బిడ్డ రక్తాన్ని విరిచేస్తుంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "కిందటిసారి మూడురోజుల్లోపు ఒక ఇంజెక్షన్ చేసుంటే ఇదంతా ఉండేది కాదు. మీ గ్రూపు నెగటివ్ అని అప్పుడెవరూ చెప్పలేదా?"

"నాకు తెలీదండి" అంది కోడలు. "ఎవరూ ఏమీ చెప్పలేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నెగటివమ్మ చెయ్యి తనకు తెలియకుండానే తన నోటిమీదికి పోయింది. అది ఎవరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ల్యాబు లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. "నిరుడు మా అమ్మాయి రక్తం చూసి నువ్వేమన్నావు బాబూ?"

భూతద్దం ఈసారి తల ఎత్తాడు. "గ్రూపు ఓ నెగటివ్ అన్నాను. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నావు కదా, నీకు తెలుసనుకున్నా." డాక్టరమ్మ చెప్పిందంతా ఆమె అతనికి చెప్పింది. విషయం అర్థమై అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "పెద్దమ్మా, జరిగిందేదో జరిగిపోయింది. ఇప్పుడు చెప్తే బిడ్డకేమైనా ఒరుగుతుందా? ఎవరికీ చెప్పకు."

ఒరగదు. నిజమే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ మాట ఆమెకు ఎంత హాయిగా వినబడిందో! మనకు కావలసిన సలహా ఎదుటివాడి నోట వస్తే అది వేదవాక్కే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ రోజునుంచి తేలు కుట్టిన దొంగలా మెదలకుండా ఉండిపోయింది.

కిటికీ దగ్గర ఆమె తీరు మారిపోయింది. నెగటివ్ అని కనబడినా కాగితాన్ని మడిచి మాటలేకుండా జరిపేది. ఒకనాడు ఒక ముసలాయన క్షయ పరీక్ష రిపోర్టు కోసం వచ్చాడు. ఏ రోగమూ లేదు. ఆమె ఏమీ అనకుండా కాగితం ఇచ్చేసరికి ఆయన అక్కడే కూలబడి, తన పెళ్ళాం పిల్లలకు ఇక దిక్కెవరని బావురుమన్నాడు. భూతద్దం పరిగెత్తుకొచ్చి, "తాతా, నీకేం లేదు, లే" అని ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లో పరిస్థితి అంతకంటే ఘోరంగా ఉంది. నెగటివమ్మ అక్క ఒకావిడ చూడటానికి వచ్చి, సంగతి సగం విని, బుగ్గలు నొక్కుకుంది. "కంచే చేను మేస్తే ఇంక కాపాడేదెవరే! కన్నతల్లి రక్తమే బిడ్డకు విషమైతే ఎవరేం చేస్తారు?" అంది. జాలిపడే అంది. ఇలాంటి జాలికంటే నాలుగు తిట్లు నయం. కోడలు వంటగదిలో గిన్నె తోముతూ ఈ మాట విన్నది. తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమింది.

ఆ రోజునుంచి ఆ పిల్ల కడుపుమీద చెయ్యి వెయ్యడం మానేసింది. కడుపుతో ఉన్న ఏ ఆడదాని చెయ్యి అయినా ఊరికే అక్కడికే పోతుంది. ఈమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేది, పడుకుంటే తలకింద పెట్టుకునేది. ఒకసారి తన చేతికింద బిడ్డ కదిలినప్పుడు నెగటివమ్మ సంతోషం పట్టలేక "చూడు చూడు, చెయ్యి పెట్టి చూడు" అంది.

"నేను ముట్టుకోను అత్తయ్యా" అంది కోడలు. "నా ఒళ్ళు దాన్ని తింటోంది. ఇంకా నేను ముద్దుచేస్తే ఏం బావుంటుంది?"

నెగటివమ్మ అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచింది కూడా. చెప్తే ఈ పిల్ల నన్నింక అత్తయ్యా అని పిలుస్తుందా అనుకుంది. మెట్లమీద వెనకనుంచి తోస్తుందా? కొడుకు మొహం చూపిస్తాడా? ముసలితనంలో ఆమెకున్నదల్లా ఆ రెండు గదులూ, వాళ్ళిద్దరూ. మింగలేక కక్కలేక, "ఊరుకో తల్లీ, అలా అనకూడదు" అని మాత్రం అంది. అంత చేతగాని మాట ఆమె జన్మలో ఎన్నడూ అనలేదు.

ఆరో నెలలో స్కానింగు చేసి, బిడ్డ తలలో రక్తం మరీ జోరుగా పారుతోందని చెప్పారు. రక్తం పలచబడితే అలా పారుతుందట. ఇక ఆగడానికి లేదన్నారు. కడుపులో ఉండగానే బొడ్డుతాడులోకి సన్నటి సూది పంపి బిడ్డకు రక్తం ఎక్కించాలి. తల్లి ఒళ్ళు విరవలేని నెగటివ్ రక్తం కావాలి. ఇది ఒక్కసారితో పోయేది కాదనీ, బిడ్డ తట్టుకోకపోనూ వచ్చనీ డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

ఆ రోజు పొద్దున కొడుకు బ్లడ్‌బ్యాంకుకు వెళ్ళాడు. వార్డులో అత్తా కోడలూ మిగిలారు. పక్క మంచం ఖాళీగా ఉంది. కిటికీ అవతల ఎవరో బక్కెట్టు ఈడుస్తున్న చప్పుడు. కోడలు ఆసుపత్రి గౌను వేసుకుని, చేతులు తలకింద పెట్టుకుని, పైకప్పు వైపు చూస్తోంది.

"అత్తయ్యా, ఇది కూడా పోతే ఇంక నాకొద్దు. మీ అబ్బాయికి కూడా చెప్పేస్తాను. నాది మనిషి ఒళ్ళు కాదు. లోపలికొచ్చిన బిడ్డనల్లా చంపుకునే ఒళ్ళు ఇంకెవరికైనా ఉంటుందా?"

నెగటివమ్మ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుని కోడలి చెయ్యి ఒకటి తలకిందనుంచి లాగి పట్టుకుంది.

"నీ ఒళ్ళు కాదు తల్లీ. నేను."

"ఏంటి?"

"నిరుడు నీ గ్రూపు నెగటివ్ అని భూతద్దం చెప్పాడు. రోగం లేదంటున్నాడనుకున్నా. ఫోన్ చేసి ఏమీ లేదన్నాను. ఆ ఇంజెక్షను నీకు పడకుండా చేసింది నేనే. అది పడుంటే నీ ఒళ్ళు ఈ బిడ్డ జోలికి వచ్చేది కాదు. ఆ డాక్టరమ్మ చెప్పిన రోజే నాకు అర్థమైంది. నోరు విప్పలేదు."

కోడలి నోట వచ్చిన మాట నెగటివమ్మ ఊహించింది కాదు.

"అంటే... నా ఒళ్ళు చెడ్డది కాదా?"

"కాదమ్మా. ఎవరి ఒళ్ళయినా ఇంతే చేసేదట. నీది మంచి ఒళ్ళు."

కోడలి మొహం ఒక్కసారిగా విడిపోయింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసి, రెండో చెయ్యి తలకిందనుంచి తీసి కడుపుమీద పెట్టుకుంది. అరచెయ్యి మొత్తం ఆనించి అలాగే ఉంచింది. అది చూసి నెగటివమ్మకు గుండె తేలికైంది. పాపం, అక్కడితో అయిపోయిందనుకుంది.

కాసేపటికి ఆమె చేతిలో ఉన్న కోడలి చెయ్యి మెల్లగా వెనక్కి జారింది.

"ఆ రోజు నేనడిగాను. రిపోర్టు చూపించడానికి వెళ్దామన్నాను."

"అన్నావు."

"చెప్పులు కూడా వెతుక్కున్నాను. మీరు పడుకోమన్నారు."

"అన్నాను."

"మీ అక్కయ్య ఆ మాట అన్నప్పుడు మీరక్కడే ఉన్నారు." కోడలి గొంతు పెరగలేదు. "అక్కడే కూర్చుని టీ తాగారు."

తలుపు తెరుచుకుని నర్సు చక్రాల మంచం తోసుకొచ్చింది. కోడల్ని ఎక్కించి దుప్పటి సరిచేస్తుంటే, ఆ పిల్ల తల తిప్పి అత్త వైపు చూసింది.

"ఆయనకు నేను చెప్పను. నేను బయటికొచ్చేలోపు మీరే చెప్పండి."

కొడుకు బ్లడ్‌బ్యాంకు నుంచి తెచ్చిన రక్తం సంచి లోపల అప్పజెప్పి వచ్చి వరండాలో బల్లమీద కూలబడ్డాడు. చేతులకు ఇంకా గ్రీజు మరకలున్నాయి, రాత్రంతా ఏదో లిఫ్టు బాగుచేసి అలాగే వచ్చేశాడు. నెగటివమ్మ పక్కన కూర్చుంది. జీవితమంతా ఎవరెవరికో కబుర్లు చెప్పిన మనిషి. కన్నకొడుక్కి ఈ నాలుగు మాటలు చెప్పేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. చుట్టూ తిప్పకుండా, తనను వెనకేసుకు రాకుండా చెప్పింది. అంతమటుకు మెచ్చుకోవాలి.

కొడుకు అరచేతుల్లోకి చూసుకుంటూ విన్నాడు.

"తెలీక చేశావు. దానికి నిన్నేమంటాను" అన్నాడు చివరికి. ఆమె ఊపిరి పీల్చుకోబోతుంటే అతను తలెత్తాడు. "కానీ తెలిశాక కూడా... తను రోజూ ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని చూశావా అమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను లేచి వెళ్ళి వరండా చివర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఖాళీ బల్లలు మిగిలాయి. ఆమె వాటిమీదుగా కొడుకు వీపు చూస్తూ కూర్చుంది. ఎవరెవరో వచ్చి కూర్చున్నారు, లేచిపోయారు.

తలుపు తెరుచుకున్నాక డాక్టరమ్మ బయటికొచ్చి, "ప్రస్తుతానికి గండం గడిచింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. మళ్ళీ ఎక్కించాల్సి ఉంటుంది, నెలలు నిండేదాకా ఇదే వరస" అంది. కొడుకు గోడవైపు తిరిగి ఏడ్చాడు. నెగటివమ్మకు లేచి వాడి దగ్గరికి వెళ్ళాలని ఉంది, వెళ్ళలేకపోయింది.

కోడల్ని వార్డులోకి తెచ్చి మంచం మీదికి మార్చారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఒక చెయ్యి కడుపుమీదే ఉంది. ముందు మొగుడి మొహం చూసింది, తర్వాత గుమ్మం దగ్గర లోపలికి రావచ్చో లేదో తెలియక ఆగిపోయిన అత్త మొహం చూసింది.

"చెప్పారన్నమాట" అంది.

కొడుకు కిటికీ వైపు తిరిగాడు.

"దాహంగా ఉంది."

నర్సు గ్లాసులో నీళ్ళు, చెంచా తెచ్చి, ఒక్కసారిగా తాగించొద్దనీ కొంచెం కొంచెం పొయ్యమనీ చెప్పి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. కొడుకు గ్లాసు అందుకోబోయి, తన చేతుల మీది గ్రీజు చూసుకుని ఆగిపోయాడు. నెగటివమ్మ గుమ్మం దాటి వచ్చింది. గ్లాసు తీసుకుంది. చెంచాతో నీళ్ళు పెదాల దగ్గర పెట్టి, కోడలు నోరు తెరవకపోతే ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

కోడలు ఆమె కళ్ళలోకి చూడలేదు. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, తాగింది.

"ఇంకో చెంచా" అంది.